ఇరవై రెండు చుక్కలు

తొయామా,
1978 నవంబర్ 7.

కనాయె,

చలి మొదలైందనీ, కొండమీద ఆకులు ఎర్రబడ్డాయనీ ఆనవాయితీగా రాయవలసిన నాలుగు వాక్యాలూ ఈసారి వదిలేస్తున్నాను. కాలేజీ హాస్టల్ గది ఖాళీచేసి విడిపోయినప్పటి నుంచి ఈ ఇరవై నాలుగేళ్ళలో నీకు ఇలా మొదలుపెట్టిన ఉత్తరం లేదు. కాబట్టి నేను ఏ స్థితిలో ఉన్నానో నీకు ఈపాటికే అర్థమై ఉంటుంది.

మీరు పిల్లలకి పోస్టులో పంపే పాఠాల అక్టోబర్ రసాయనశాస్త్రం పేపర్, మూడో ప్రశ్న. ట్రైఅయోడైడ్ అయాన్‌కి లూయిస్ చుక్కల బొమ్మ గీసి, దాని ఆకారం ఊహించమన్నారు. మీ ఆఫీసు మా దిద్దేవాళ్ళందరికీ పంపిన నమూనా జవాబు నా ముందే ఉంది. అడుగున మన హిరానుమా ప్రొఫెసర్ గారి ముద్ర కూడా ఉంది. దాన్ని నేను ఇవాళ పొద్దున వంటింటి బల్ల మీద పెట్టుకుని చుక్కలు లెక్కపెట్టాను. మూడుసార్లు లెక్కపెట్టాను.

అయోడిన్ ఒక్కోదానికి బయటి కక్ష్యలో ఏడు ఎలక్ట్రాన్లు. మూడేళ్ళు ఇరవై ఒకటి. రుణావేశం ఒకటి ఉంది కనుక ఇంకొకటి కలపాలి. ఇరవై రెండు. మీ నమూనాలో ఉన్నవి ఇరవై. రెండు ఎక్కడికి పోయాయి? మధ్య అయోడిన్ చుట్టూ ఎనిమిది నిండగానే అష్టక నియమం తీరిపోయిందని చేతులు దులుపుకున్నారు. ఆ ఎనిమిదిని చూసుకుని, నీటి అణువులాగా ఇదీ వంగి ఉంటుందన్నారు. వంగదు. ఆ రెండూ మధ్యదాని మీద పెడితే అది తిన్నగా ఉంటుంది.

ఇది నేను కనిపెట్టింది కాదు. షిమానె జిల్లా నుంచి రాసే కసుమి ఉరాకావా అనే పిల్ల కనిపెట్టింది. అక్టోబర్‌లో ఆ పిల్ల ఇరవై రెండు చుక్కలూ పెట్టి తిన్నని గీత గీసింది. దిద్దినావిడ దానికి తప్పు కొక్కెం పెట్టి ఎనిమిది మార్కులు కోసి, "అష్టక నియమం మరోసారి చదవండి. ఇంకొంచెం శ్రమిస్తే తప్పక సాధిస్తారు!" అని ఎర్ర సిరాతో రాసింది. ఈ నెల పేపర్ అడుగున ప్రశ్నల గడిలో ఆ పిల్ల ఇలా రాసింది: "మరోసారి చదివాను. మరోసారి లెక్కపెట్టాను. ఇరవై రెండే వస్తున్నాయి. నమూనాలో లేని ఆ రెండు ఎక్కడున్నాయో దయచేసి చెప్పండి."

దేశమంతటా రసాయనశాస్త్రం రాసే పన్నెండు వందల మంది పిల్లలు, వాళ్ళని దిద్దే నలభై మంది ఆడవాళ్ళు. మేమందరం ఆ ముద్ర చూసి తలొంచుకుని కొక్కేలు పెట్టాం. వెంటనే సవరణ పత్రం పంపించు. పిల్లల చిరునామాలు మా దగ్గర ఉండవు, మీ దగ్గరే ఉంటాయి.

మిత్సుయె


టోక్యో,
నవంబర్ 14.

ప్రియమైన మిత్సుయెకి,

ఇక్కడ గింకో చెట్లన్నీ పచ్చబంగారమై, ఆఫీసు మెట్లు ఊడ్చే ముసలాయన పొద్దస్తమానం ఆకులు ఎత్తుతూనే ఉన్నాడు. మీ వైపు ఈపాటికి మంచు కబురు వచ్చే ఉంటుంది. మీవారి నడుం నొప్పి తగ్గిందా? క్యోటోలో మీ అమ్మాయి బాగా చదువుకుంటోందా? ఎండబెట్టిన పెర్సిమన్ పళ్ళు కొన్ని పంపుతున్నాను, అందరూ తినండి.

నీ ఉత్తరం చదివి నవ్వుకున్నాను. హాస్టల్లో ముల్లంగి పచ్చడి ముక్కలు కూడా లెక్కపెట్టి పంచేదానివి, గుర్తుందా? "మిత్సుయె గిన్నె ముట్టుకోకండే, తనిఖీ అవుతోంది" అని అందరం ఏడిపించేవాళ్ళం. నువ్వేమీ మారలేదు.

నువ్వు రాసిన సంగతి ప్రొఫెసర్ గారి దృష్టికి తీసుకువెళ్ళాను. హైస్కూలు స్థాయికి అష్టక నియమం చాలునని, అంతకు మించి చెబితే పిల్లలు తికమకపడతారని ఆయన అభిప్రాయం. కాబట్టి నమూనా అలాగే ఉంటుంది. పరీక్షలు దగ్గర పడుతున్నాయి. ఇప్పుడు సవరణ అంటూ కాగితం పంపితే పన్నెండు వందల ఇళ్ళల్లో గాభరా. పెద్ద మనసుతో అర్థం చేసుకో.

జలుబు చేయకుండా జాగ్రత్త.

కనాయె


తొయామా,
నవంబర్ 18.

కనాయె,

పళ్ళు అందాయి. మా ఆయన తింటున్నాడు. నేను ముట్టలేదు.

"స్థాయి" అన్నావు. ఎలక్ట్రాన్ జంటలు ఒకదాన్నొకటి తోసుకుని వీలైనంత దూరంగా సర్దుకుంటాయనే నియమం ప్రశ్నలోనే అచ్చువేసి ఇచ్చారు. ఆ నియమం వాడే జవాబు చెప్పమన్నారు. వాడిన పిల్లకి కొక్కెం, రెండు ఎలక్ట్రాన్లు పారేసిన పిల్లకి ఒప్పు వలయం. ఇదేం స్థాయి?

నిన్న రాత్రి భోజనానికి తెచ్చిన చేమదుంపల్లో గుండ్రంగా ఉన్నదాన్ని తీసుకుని మధ్య అయోడిన్ చుట్టూ ఉన్న ఐదు జంటలకీ ఐదు పళ్ళపుల్లలు గుచ్చాను. ఐదూ ఎడమెడంగా ఉండాలంటే ఒకటే దారి. మూడు నడుం చుట్టూ, ఒకటి పైన, ఒకటి కింద. నడుం చుట్టూ చోటు ఎక్కువ కనుక, చోటు ఎక్కువ కోరే, బంధంలో లేని ఒంటరి జంటలు మూడూ అక్కడ కూర్చుంటాయి. మిగిలిన పై పుల్లకీ కింది పుల్లకీ రెండు అయోడిన్లు. తిన్నని గీత. మా అమ్మాయి వేసవిలో వదిలివెళ్ళిన పుస్తకంలోనూ ఇదే ఉంది.

మా ఆయన గిన్నె పట్టుకుని చూస్తూ కూర్చున్నాడు.

"అది తినేదా, చూసేదా?"

"కాసేపు చూసేది."

"రెండు చుక్కల కోసం ఇంత రాద్ధాంతమా? టింక్చర్ అయోడిన్ రాసుకుంటే గాయం మానుతుంది. అది వంగి ఉందో నిలబడి ఉందో గాయానికేం పట్టింది?"

"మీ బ్యాంకులో సాయంత్రం రెండు యెన్లు తేడా వస్తే ఇంటికొస్తారా?"

"రాము. దొరికేదాకా అందరం కూర్చుంటాం."

"నేనూ కూర్చుంటాను."

దుంప చల్లారిపోయింది.

హిరానుమా గారి క్లాసులో మనం మూడేళ్ళు కూర్చున్నాం. నేను ఒకే ఒక్క ఎలక్ట్రాన్ తక్కువ పెట్టానని నల్లబల్ల దగ్గర నిలబెట్టి, "అమ్మా, ఆవేశాన్ని జేబులో వేసుకున్నావా?" అని అడిగిన మనిషి ఆయన. ఆ మనిషి రెండు పోతే "చాలు" అన్నాడంటే నేను నమ్మను. ఆయన చేతిరాతతో ఒక్క వాక్యం నాకు చూపించు.

ఈలోగా నేను చేసింది కూడా చెప్పేస్తాను. కసుమి ప్రశ్నల గడిలో "మీ లెక్క సరైనది. ఇరవై రెండే. ఆకారం కూడా మీరు గీసినదే" అని రాసి, నా ముద్ర వేసి, ఈ నెల కట్టలో పెట్టి మీ ఆఫీసుకి పంపాను.

మిత్సుయె


టోక్యో,
నవంబర్ 25.

దిద్దుబాటుదారు సంఖ్య 217 గారికి,

తమరు పంపిన నవంబర్ కట్ట అందింది. తనిఖీలో, ఒక విద్యార్థిని ప్రశ్నల గడిలో నమూనాకు విరుద్ధమైన వ్యాఖ్య కనిపించింది. నియమావళి పదకొండో అంశం ప్రకారం దిద్దుబాటుదారులు సొంత అభిప్రాయం రాయరాదు. ఆ వ్యాఖ్య మీద తెల్ల కాగితం అంటించి, కార్యాలయం తరఫున తగిన సూచన రాసి, జవాబు పత్రాన్ని విద్యార్థినికి పంపివేశాము. ఇటువంటిది మళ్ళీ జరిగితే వచ్చే సంవత్సరం ఒప్పందం గురించి పునరాలోచించవలసి వస్తుందని తెలియజేయడానికి చింతిస్తున్నాము.

రసాయనశాస్త్ర విభాగాధిపతి
కనాయె సుగిమోరి

(మిత్సుయె, ఇది నా కింద పనిచేసే ఓబా ఎదురుగా కూర్చుని టైపు చేయించింది. నీ వ్యాఖ్య మొదట చూసింది అతనే. కోపం తెచ్చుకోకు. పరీక్షలయ్యాక తీరిగ్గా మాట్లాడుకుందాం. దయచేసి ఆగు.)


తొయామా,
డిసెంబర్ 4.

కనాయె,

సంఖ్య 217 రాస్తోంది.

కసుమి డిసెంబర్ పేపర్ నిన్న వచ్చింది. ప్రశ్నల గడిలో చోటు చాలక అంచుల వెంట కూడా రాసింది. ఒక్క అక్షరం మార్చకుండా దింపుతున్నాను, చదువు.

"పోయినసారి నా ప్రశ్న కింద తెల్ల కాగితం అంటించి ఉంది. దాన్ని దీపానికి ఎత్తి పట్టుకుని చూశాను. కింద ఎర్రగా ఏదో రాసి ఉంది, చదవలేకపోయాను. పైన మాత్రం 'అష్టక నియమాన్ని చూడండి' అని ఉంది. చూశాను. నాకు ఇరవై రెండే వస్తున్నాయి. మా దీవిలో రసాయనశాస్త్రం అడగడానికి వేరే ఎవరూ లేరు. మా స్కూలు మాస్టారు జీవశాస్త్రం వారు. ఇంత చిన్న లెక్క కూడా పట్టుబడనిదాన్ని సైన్సుకి వెళ్ళడం తెలివితక్కువని అనిపిస్తోంది. కాలేజీలో ఏ విభాగంలో చేరతామో రాసి ఇచ్చే కాగితం ఇరవయ్యో తేదీన మాస్టారికి ఇవ్వాలి. రసాయనశాస్త్రం కొట్టేసి గృహవిజ్ఞానం రాస్తాను. ఇన్నాళ్ళూ దిద్దినందుకు కృతజ్ఞతలు."

గృహవిజ్ఞానం తక్కువని నేను అనను. నా బతుకంతా అదే. కానీ అది ఆ పిల్ల కోరుకున్నది కాదు. మనం తోసిన చోటు.

ఇప్పుడు నీ దగ్గర దాచిన మాట ఒకటి చెప్పాలి. మొదటి ఉత్తరంలో "దిద్దినావిడ" అని రాశాను. ఆ ఆవిడ నేనే. అక్టోబర్ కట్టలో ముప్ఫై ఒక్క పేపర్లు. నలుగురు తిన్నని గీత గీశారు. నలుగురికీ కొక్కెం పెట్టాను. పక్కన చుక్కలు కనిపిస్తూనే ఉన్నాయి, లెక్కపెట్టలేదు. ప్రతి దాన్నీ రెండుసార్లు లెక్కపెట్టే నేను, ముద్ర ఉందని ఆ ఒక్కటీ లెక్కపెట్టలేదు. "ఇంకొంచెం శ్రమిస్తే" అని ఆ పిల్లకి నీతులు చెప్పిన చెయ్యి ఇదే.

కాబట్టి నా వంతు సిగ్గు నాది. ఇక నీ వంతు.

పదిరోజుల కిందట హిరానుమా గారికి నేనే ఉత్తరం రాశాను. జవాబు ఆయన సతీమణి రాశారు. "మావారికి రెండు కళ్ళకూ శుక్లాలు. మూడేళ్ళుగా అచ్చు చదవలేరు. మీ సంస్థ పనంతా కనాయె గారే చూసుకుంటున్నారు కదా, ముద్ర కూడా ఆవిడకే అప్పగించారు. ఈ మధ్య ఆవిడ ఇటు రాలేదు, కులాసానే కదా?" అని.

ఆయన దృష్టికి తీసుకువెళ్ళానన్నావే. ఏ దృష్టికి, కనాయె?

మిత్సుయె


టోక్యో,
డిసెంబర్ 9.

మిత్సుయె,

నేనూ చలి గురించి రాయను.

నమూనా రాసింది నేనే. అక్టోబర్‌ది ఒక్కటే కాదు, మూడేళ్ళుగా అన్నీ. ముద్ర నా సొరుగులో ఉంటుంది. ప్రొఫెసర్ గారికి నీ సంగతి చెప్పలేదు. అబద్ధం రాశాను.

ఇప్పుడు నువ్వు నా మాట కూడా విను. మనం చదువు ముగించింది యాభై నాలుగులో. జంటలు తోసుకుంటాయని, వాటిని బట్టి ఆకారం చెప్పవచ్చని పుస్తకాల్లోకి వచ్చింది ఆ తరువాత. నాకు ఎవరూ నేర్పలేదు. ఈ ఏడాది కొత్త తరహా ప్రశ్నలు పెట్టాలని పైనుంచి ఆదేశం వచ్చింది. పాత నోట్సు పట్టుకుని, మధ్యదానికి ఎనిమిది పూర్తిచేసి, నీళ్ళలాగే ఉంది కదా అని వంచేశాను. మొత్తం సరిచూసుకోలేదు.

నీకు వంటింటి బల్ల ఉంది, కూతురి పుస్తకం ఉంది, దుంపలు చల్లారిపోయినా ఏమీ అనని మొగుడున్నాడు. నాకేముంది? మా అంతస్తులో పన్నెండు మంది మగవాళ్ళు, నేనొక్కతెను. విభాగాధిపతినయ్యాక కూడా సమావేశానికి బయటివాళ్ళు వస్తే టీ నన్నే తెమ్మంటారు. తెచ్చి పెట్టి, అదే బల్ల దగ్గర అధ్యక్షత వహిస్తాను. నా పేరుతో నమూనా వెళితే ప్రతి చుక్కకీ వాదన. ఆయన ముద్రతో వెళితే నోరెత్తరు. ఓబా ఎనిమిదేళ్ళుగా నా కుర్చీ వైపు చూస్తున్నాడు. నేను తప్పు రాశానని తెలిసిన రోజు, "ఆడమనిషికి ఇస్తే ఇంతే" అంటారు. ఆ మాట ఒక్క నాకే తగలదు, నా తరువాత వచ్చేవాళ్ళకీ తగులుతుంది. ఇది నీకు ఎప్పుడైనా తట్టిందా? లెక్కలు నువ్వొక్కదానివే వేస్తావా?

అయినా కసుమి మాటలు చదివాక కూర్చోలేకపోయాను. సవరణ పత్రం అచ్చు వేయించాను. ఇదిగో జతపరుస్తున్నాను. పదమూడో తేదీన పన్నెండు వందల మందికీ వెళుతుంది. ఇక నన్ను వదిలెయ్యి.

కనాయె

(జత: సవరణ. అక్టోబర్ నెల రసాయనశాస్త్రం మూడో ప్రశ్న నమూనా జవాబులో ముద్రణా దోషం వల్ల రెండు ఎలక్ట్రాన్లు లోపించాయి, ఆకారం కూడా తప్పుగా పడింది. అసౌకర్యానికి చింతిస్తున్నాము.)


తొయామా,
డిసెంబర్ 12.

కనాయె,

ముద్రణా దోషమా!

అచ్చు కూర్చేవాడు సీసపు అక్షరాల పక్కన నీ బొమ్మలో ఎన్ని చుక్కలున్నాయో అన్నీ పెట్టాడు. ఒక్కటి ఎక్కువ పెట్టలేదు, ఒక్కటి తక్కువ పెట్టలేదు. ఆ ప్రెస్సులో కళ్ళు పాడుచేసుకుని పనిచేసే మనిషి మీద తోసేసి నువ్వు తప్పుకుంటావా? నీకు టీ తెమ్మని చెప్పేవాళ్ళు చేసే పని సరిగ్గా ఇదే కదా. కింద ఉన్నవాళ్ళ మీదికి తోసెయ్యడం.

టీ సంగతి చదివి నాకు ఒళ్ళు మండిపోయింది. నీ పక్షాన మండింది. నాకు ఎప్పుడూ ఎందుకు చెప్పలేదు? ప్రతి ఉత్తరంలోనూ గింకో ఆకులు, చెర్రీ పూలు. ఇన్నేళ్ళు పూలు పంపావు, ఇది పంపలేదు. కానీ ఆ మంట చూపించి కసుమి సంగతి కప్పెయ్యకు. రెండూ వేరు వేరు.

ప్రెస్సు పొరపాటంటే ఆ పిల్లకి ఏం తెలుస్తుంది? ఎక్కడో యంత్రం జారిందని. తను కరెక్టుగా ఆలోచించిందనీ, పెద్దవాళ్ళు ఆలోచించకుండా దిద్దారనీ తెలియదు. తెల్ల కాగితం ఎందుకు అంటించారో అసలే తెలియదు. అది అచ్చుతప్పు కాదుగా!

ఇంకోటి. జిల్లా షిమానె అని మాత్రమే మనకి కనిపిస్తుంది గాని ఆ పిల్ల "మా దీవి" అంది. అంటే ఓకి దీవులు. నిన్నటి వార్తల్లో అల ఆరు మీటర్లు లేచిందని, పడవలు నిలిపేశారని చెప్పారు. మా సముద్రమే అది, మా కిటికీలోంచి దాని రొద వినిపిస్తోంది. పదమూడున నువ్వు పోస్టు చేసే కాగితం ఇరవైలోగా అక్కడికి చేరదు.

మీ ఆఫీసు రిజిస్టర్లో ఫోన్ నంబర్ ఉంటుంది. ఫోన్ చెయ్యి. నేను చేద్దామంటే నాకు నంబర్ లేదు, ఉంటే నిన్ను అడిగేదాన్నే కాదు. ఆఫీసు పేరుతో కాదు, నీ పేరుతో చెప్పు. కొక్కెం పెట్టింది నేనని నా పేరు కూడా చెప్పు. సంఖ్య కాదు, పేరు.

వచ్చే ఏడాది ఒప్పందం ఇవ్వకపోతే ఇవ్వకు.

మిత్సుయె


టోక్యో,
డిసెంబర్ 19.

మిత్సుయె,

నిన్న మధ్యాహ్నం ఫోన్ చేశాను. నా బల్ల మీది ఫోన్ నుంచే. ఓబా ఎదురు బల్ల దగ్గర పెన్సిల్ చెక్కుతూ వింటున్నాడు. చెక్కనీ అనుకున్నాను.

మొదట ఒక ముసలావిడ ఎత్తింది.

"టోక్యోనా? మేమేమీ కొనమమ్మా."

"అమ్మటానికి కాదండీ. కసుమికి పోస్టులో పాఠాలు పంపేవాళ్ళం."

"ఓ, మీరా! ఆ తెల్ల కాగితం అంటించింది మీరేనా? మా పిల్ల రెండు రోజులు సరిగ్గా అన్నం తినలేదు. చదువు చెప్పేవాళ్ళు చెప్పాలి గాని, కప్పెట్టడమేంటి? కసుమీ! నీ కాగితాలావిడ!"

కసుమి కూరకి స్క్విడ్ శుభ్రం చేస్తోందట. చేతులు కడుక్కుని వచ్చేదాకా ఆవిడ నన్ను తిడుతూనే ఉంది. విన్నాను.

పిల్ల వచ్చింది. "ఇరవై రెండు సరైనది. తిన్నని గీత సరైనది. మీకు తప్పు పెట్టిన మాదే తప్పు" అని చెప్పాను. ఫోన్‌లో గాలి హోరు వినిపించింది. తరువాత అడిగింది:

"నమూనా ఎవరు రాశారండీ?"

"నేనే. నా పేరు కనాయె సుగిమోరి."

"తెల్ల కాగితం?"

"అదీ నేనే అంటించాను. దాని కింద మీ లెక్క సరైనదని రాసింది మిత్సుయె నొజావా గారు. అంతకుముందు కొక్కెం పెట్టింది కూడా ఆవిడే. ఆవిడే చెప్పమన్నారు."

"మరి మీకు మార్కులు కొయ్యరా?"

"కోస్తారు."

"ఎన్ని?"

"ఇంకా చెప్పలేదు."

ఆ పిల్ల నవ్విందో, దగ్గిందో తెలియలేదు. "నా ఎనిమిదీ నాకు కావాలి" అంది. ఇస్తానన్నాను. "మిగతావాళ్ళకి? వాళ్ళూ ఇరవై రెండు పెట్టి ఉంటారు కదా. వాళ్ళకీ ఇలాగే చెప్పండి" అంది. గృహవిజ్ఞానం అని రాసిన కాగితం మాస్టారి చేతికి ఇంకా ఇవ్వలేదట, పుస్తకంలోనే ఉందట. దాన్ని ఏం చేస్తావని నేను అడగలేదు. అడిగే హక్కు నాకు లేదనిపించింది.

ఫోన్ పెట్టేసరికి ఓబా పెన్సిల్ సగమైంది. వాడు డైరెక్టర్ గదికి వెళ్ళేలోపు నేనే వెళ్ళాను. ముద్రణా దోషం అన్న సవరణ అప్పటికే వెళ్ళిపోయింది కనుక, నా చేత్తో స్టెన్సిల్ కోసి రెండోది తయారుచేశాను. తప్పు నమూనా రాసిన వ్యక్తిదని, ప్రెస్సుది కాదని, ఇరవై రెండు పెట్టిన ప్రతివారికీ ఎనిమిది మార్కులూ తిరిగి వస్తాయని. అడుగున నా పేరు. సంస్థ పరువు తీశావని డైరెక్టర్ అరిచాడు. "ఆడవాళ్ళని అందుకే..." అని మొదలుపెట్టాడు. "అందుకే ఏమిటండీ? పూర్తిచెయ్యండి" అన్నాను.

కోత ఇవాళ చెప్పారు. జనవరి నుంచి ఓబా విభాగాధిపతి. నన్ను ఉత్తరాలు విడదీసే గదికి మార్చారు. ముద్ర ప్రొఫెసర్ గారింటికి వెళ్ళి ఇచ్చేశాను. జరిగింది చెప్పాను. ఆయన కళ్ళు మూసుకుని, వేళ్ళ మీద ఏదో లెక్కపెట్టుకుని, "అవును, ఇరవై రెండే. నా ముద్ర ఉండగా ఇరవై ఎలా వెళ్ళాయి?" అన్నారు.

నువ్వు చెప్పినవన్నీ చేశాను. నీమీద కోపం మాత్రం పోలేదు. మొదటి ఉత్తరంలో "నేనూ తప్పు పెట్టాను" అని ఒక్క ముక్క రాసి ఉంటే, నేనూ ఆ రోజే ఒప్పుకునేదాన్నేమో. ఏమో, ఒప్పుకునేదాన్ని కాదేమో కూడా.

కనాయె


తొయామా,
1979 జనవరి 24.

కనాయె,

మంచు నడుంలోతు పడింది. రోజూ రెండు పూటలా వాకిలి తవ్వుతున్నాం. మా ఆయన నడుం మళ్ళీ పట్టేసింది.

నీ కోపం న్యాయమే. నేను ముందు నా పేరు రాయాల్సింది. రాయకుండా నిన్ను మాత్రం నిలదీశాను. దానికి నెపం ఏమీ చెప్పను. కానీ ఉత్తరాలు విడదీసే గదికి నిన్ను పంపడం మాత్రం నేను ఒప్పుకోను. తప్పు ఒప్పుకున్నందుకు కుర్చీ తీసేస్తే, రేపు ఇంకెవరు ఒప్పుకుంటారు? ఇదే మాట మీ డైరెక్టర్‌కి రాశాను. మన నలభై మందిలో నాకు తెలిసిన ఆరుగురి చేత కూడా రాయించాను. ఏడుగురమూ సంఖ్యలు వేయలేదు, పేర్లే పెట్టాం. జవాబు రాలేదు. మళ్ళీ రాస్తాం.

ఇక అసలు సంగతి. ఈ నెల కట్ట వచ్చింది. పడవలు మొదలైనట్టున్నాయి, అందులో కసుమి పేపర్ ఉంది. రసాయనశాస్త్రం పేపరే. దాన్ని చేతిలో పట్టుకుని కాసేపు ఏమీ దిద్దకుండా కూర్చున్నాను.

తరువాత దిద్దాను. నైట్రైట్ అయాన్ ఇచ్చారు. నత్రజనికి ఐదు, ఆక్సిజన్లకి ఆరేసి, ఆవేశానికి ఒకటి. పద్దెనిమిది. అన్నీ పెట్టింది. నత్రజని మీద ఒంటరి జంట పెట్టింది. వంగి ఉంటుందని రాసింది. అంతా సవ్యంగా ఉంది గాని, బొమ్మ చుట్టూ బ్రాకెట్లు పెట్టి మూలన రుణ గుర్తు వెయ్యడం మరిచిపోయింది. అది లేకపోతే ఆ పద్దెనిమిదోది ఎక్కడినుంచి వచ్చిందో చెప్పనట్టే. రెండు మార్కులు కోశాను. ఎనిమిది తప్పుగా కోసిన చెయ్యి కదా అని ఈ రెండూ దయతలిచి వదిలేస్తే, ఆ పిల్లని రెండోసారి అవమానించినట్టవుతుంది.

ప్రశ్నల గడిలో ఈసారి ప్రశ్న లేదు. "మార్కులు కోస్తే ఎందుకు కోశారో పూర్తిగా రాయండి. 'ఇంకొంచెం శ్రమించండి' అని రాయకండి" అని ఉంది. పూర్తిగా రాశాను. గడి చాలక అంచుల్లో కూడా రాశాను. అడుగున నా పేరు పెట్టాను.

కానీ ఓబా పంపిన నమూనాలో బ్రాకెట్ల మాటే లేదు. కోయమనీ లేదు, వద్దనీ లేదు. మా ఊళ్ళో అడగడానికి నాకూ ఎవరూ లేరు. ఆ పిల్ల బొమ్మ మక్కీకి మక్కీ గీసి జతపరుస్తున్నాను. నా కోత సరైనదో కాదో నువ్వు చెప్పాలి. మడత విప్పాక ముందు నీ అంతట నువ్వు లెక్కపెట్టు. నా లెక్క వెనకవైపు రాశాను, తరువాత చూడు.

పేపర్ శనివారం పోస్టు చెయ్యాలి. ఈలోగా నీ జవాబు రాకపోతే ఫోన్ చేస్తాను, ఆ గదిలో ఫోన్ ఉంటే.

మిత్సుయె